మూడేళ్ళ తర్వాత పెళ్ళికి ఇప్పుడు రేటెంత?

పెళ్ళి ఎంత దూరంలో ఉంటే ఫొటోల రేటు అంత తగ్గించడం మాస్టారి అలవాటు. తక్కిన ఫొటోగ్రాఫర్లందరూ ఏడాదికింత అని పెంచుకుంటూ పోతారు. మాస్టారు దించుకుంటూ పోతారు. వచ్చే నెల పెళ్ళికి ముప్ఫై వేలు అడిగిన మనిషే, మూడేళ్ళ తర్వాత పెళ్ళికి ఇరవై చాలంటారు. పైగా అలా ఎందుకు తగ్గిందో కారణం చెప్పేటప్పుడు ఆయన మొహంలో ఒక్క గీత కదలదు. వీధిలో ఆయనకి 'ముందురేటు మాస్టారు' అని పేరు స్థిరపడిపోయింది.

ఈ అలవాటుతో తల పట్టుకున్నది కోడలు. కొడుకు వీడియోలు తీస్తూ నెలలో సగం రోజులు బయటే ఉంటాడు. స్టూడియోలో ముందుగది కౌంటరూ, వెనకగది కంప్యూటరూ కోడలివే. ఫొటోలు దిద్దేదీ ఆమే, ఆల్బం కట్టించేదీ ఆమే, కరెంటు బిల్లు చూసి గుండె పట్టుకునేదీ ఆమే.

ఒకరోజు స్కూలు బస్సు డ్రైవరొకాయన వచ్చాడు.

"మా అమ్మాయి ఇంకా చదువుకుంటోందండి. చదువయ్యాక, అంటే ఓ మూడేళ్ళకి పెళ్ళి చేద్దామని. అప్పటికి మీ రేటు ఎంతవుతుందో తెలుసుకుందామని..."

మాస్టారు కళ్ళజోడు నుదుటిమీదికి తోసుకున్నారు. "మూడేళ్ళకి నాకు అరవై నాలుగు. ఈ కుడి మోకాలు ఇప్పటికే మూలుగుతోంది. అప్పటికి బొత్తిగా వంగదు. వంగకపోతే, కింద కూర్చుని తీసే ఫొటోలన్నీ పోయినట్టే. పని తగ్గితే రేటు తగ్గించాలా, వద్దా?"

"తగ్గించాలండి," అన్నాడు డ్రైవరు, ఆ మోకాలి వంక జాలిగా చూస్తూ.

"ఇరవై వేలు. కాగితం మీద రాసిస్తాను. అప్పటికి ఏ ధర ఎంత పెరిగినా సరే, నా మాట ఇదే."

డ్రైవరు మెట్లు దిగీ దిగగానే కోడలు వెనకగదిలోంచి వచ్చింది.

"మావయ్యగారూ, మూడేళ్ళకి ఆల్బం కాగితం ధర పెరుగుతుందా, తగ్గుతుందా?"

"పెరుగుతుందమ్మాయ్."

"కరెంటు?"

"అదీ పెరుగుతుంది."

"మరి మన రేటు?"

"తగ్గుతుంది. నువ్వు మోకాలు సంగతి లెక్కలో వెయ్యడం లేదు."

ఆ మోకాలు సంగతి కోడలికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆ మోకాలు రోజూ పొద్దున్నే రెండేసి మెట్లు ఒక్క అంగలో దాటుకుంటూ మూడో అంతస్తు డాబా మీదికి వెళ్ళి, మొక్కలకి నీళ్ళు పోసి, ఈల వేసుకుంటూ దిగొస్తుంది.

వాదించి లాభం లేదని కోడలు పట్టిక తయారు చేసింది. ఈ ఏడాది ఇంత, వచ్చే ఏడాది ఇంత, ఆపై ఏడాది ఇంత. అన్నీ పైకెక్కే అంకెలే. అద్దం కట్టించి చేతికిచ్చింది. మాస్టారు ఎంతో మెచ్చుకున్నారు. "ముత్యాల్లాంటి అక్షరాలు!" అన్నారు. స్వయంగా మేకు కొట్టి, తలుపు వెనకాల తగిలించారు. స్టూడియో తెరిచి ఉన్నంతసేపూ ఆ తలుపు గోడకి ఆనుకునే ఉంటుంది. పట్టిక చూడాలంటే స్టూడియో మూసెయ్యాలి.

ఇలాంటి పేరు ఊరుకుంటుందా? ఎక్కడెక్కడి వాళ్ళూ రావడం మొదలుపెట్టారు. ఒకాయనైతే చంకలో పసిపిల్లతో వచ్చి, "దీని పెళ్ళికండీ. ఓ ఇరవై రెండేళ్ళు పట్టొచ్చు," అన్నాడు. అప్పుడే ఆ పిల్లకి రెండో పన్ను వస్తోంది.

మాస్టారు వేళ్ళు మడిచి లెక్క వేశారు. "ఇరవై రెండేళ్ళకా? ఉచితం."

"ఉచితమా!"

"అప్పటికి నేను పైనుంచి తీస్తాను. ఆ కోణం ఎవరికీ దొరకదు. కాకపోతే ఆల్బం మాత్రం మీరే వచ్చి పట్టుకెళ్ళాలి."

కోడలికి అంతుపట్టనిది ఇంకోటుంది. ఇంటికి మోకాలినొప్పి నూనెలు వచ్చి పడుతుండేవి. డ్రైవరు ఒక సీసా తెచ్చిచ్చాడు. బట్టలు కుట్టే అక్కచెల్లెళ్ళు చెరొకటి ఇచ్చారు. ఎవరో మోకాలికి తొడుక్కునే పట్టీ అల్లి పంపారు. పదకొండు సీసాలు అలమారలో వరసగా కూర్చున్నాయి. మాస్టారు తలుపు కిర్రుమన్నప్పుడల్లా వాటిలో ఒకటి తీసి బందుల్లో పోసేవారు.

ఇంతలో కాంట్రాక్టరు వచ్చాడు. కారు తాళంచెవి కౌంటరు మీద పెట్టి, కూర్చోకుండానే మొదలెట్టాడు. పెద్దకొడుకు పెళ్ళి ఐదు వారాల్లో. హాలు ఒక్క ఆదివారమే దొరికింది. లక్ష ఇస్తాడు. వెనకగదిలో కోడలి చెయ్యి మౌస్ మీదే ఆగిపోయింది. పాత కెమెరా నాలుగు నెలలుగా మొరాయిస్తోంది. లక్షంటే కొత్తది.

"ఆ ఆదివారం లేదండి," అన్నారు మాస్టారు.

"లేకపోవడమేంటి?"

"మూడేళ్ళ కిందటే ఇచ్చేశాను. ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే ఆవిడ కూతురి పెళ్ళికి."

"ఎంతకి?"

"పద్దెనిమిదికి."

కాంట్రాక్టరు గట్టిగా నవ్వాడు. "రేపు సాయంత్రం వస్తా. ఆలోచించుకోండి," అని తాళంచెవి తీసుకుని వెళ్ళిపోయాడు.

కోడలు రాత్రికి రాత్రి ఉపాయం ఆలోచించింది. తెలిసిన కుర్ర ఫొటోగ్రాఫరొకడున్నాడు, పనిమంతుడు. ఆ పెళ్ళి అతనికి అప్పజెప్పి, అతని డబ్బు తామే ఇచ్చి, ఆవిడ దగ్గర పైసా తీసుకోకపోతే సరి. ఆవిడకి ఉచితంగా ఫొటోలు, తమకి కెమెరా. ఎవరికీ నష్టం లేదు. మావయ్యగారితో చెప్పకుండా పొద్దున్నే బయల్దేరింది.

ఇనపమెట్లెక్కితే రెండు గదుల ఇల్లు. సబ్బు వాసన. ఆవిడ చేతులు మోచేతుల దాకా నీళ్ళకి నాని తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. కోడల్ని చూడగానే గాభరా పడింది.

"మాస్టారి కోడలివి కదూ! ఏమ్మా, ఆయన మోకాలెలా ఉంది?"

"బాగానే ఉందండి."

"నా దగ్గర దాచకమ్మా. మూడేళ్ళ కిందటే చెప్పారు, వంగడం మానేస్తుందని. పాపం, నాకు అదే బెంగ." కుర్చీ తుడిచి కూర్చోబెట్టింది. "నేనప్పుడు నాలుగు స్టూడియోలు తిరిగాను. పెళ్ళి ఇంకా మూడేళ్ళుందంటే ఒక్కళ్ళూ రేటు చెప్పలేదు. దగ్గరపడ్డాక రమ్మన్నారు. దగ్గరపడ్డాక నేనెక్కణ్ణించి తేను? ఇంత అని ఒక అంకె చెబితే కదా, దానికోసం దాచుకుంటాం!"

"మావయ్యగారు చెప్పారా?"

"వెంటనే! నెలకి ఎంత పక్కన పెట్టగలవమ్మా అనడిగారు. ఐదొందలు అన్నాను. అప్పుడు మోకాలు లెక్క మొదలెట్టారు. ఏళ్ళు కలిపారు, నొప్పి తీసేశారు, ఏదో గుణించారు. చివరికి సరిగ్గా పద్దెనిమిది వేలు తేలింది. ముప్ఫై ఆరు నెలలకి నా ఐదొందలు ఎంతవుతాయో చూడు! ఎలా కలిసొచ్చిందో చూశావా?"

కోడలు చూసింది. డబ్బున్నవాళ్ళు నెల ముందొచ్చి తాళంచెవి కౌంటరు మీద పెడతారు. మూడేళ్ళ ముందొచ్చి రేటడిగేది, ఆ మూడేళ్ళూ కూడబెట్టాల్సినవాళ్ళు. ఇన్నేళ్ళుగా కౌంటరు దగ్గర కూర్చుని తను ఇది గమనించనేలేదు.

"ఇంతకీ ఏం పనిమీదొచ్చావమ్మా?"

"హాల్లో... వెలుతురు ఎటువైపు బావుంటుందో కనుక్కుందామని."

"కిటికీలన్నీ ఎడంవైపేనమ్మా," అని ఆవిడ సంతోషంగా చెప్పి, లోపలికెళ్ళి ఒక నూనెసీసా తెచ్చి చేతిలో పెట్టింది. "కుడి మోకాలికి రాయి. ఎడమది బాగానే ఉందన్నారు."

సాయంత్రం కాంట్రాక్టరు వచ్చేసరికి కోడలే ముందు నోరు తెరిచింది. "ఆ తేదీ కుదరదండి."

మాస్టారు కోడలి వంక ఓ చూపు చూసి ఊరుకున్నారు. కాంట్రాక్టరు మాత్రం ఊరుకోలేదు.

"పోనీ చిన్నవాడి పెళ్ళి ఓ నాలుగేళ్ళకి ఉంటుంది. ముందుగా బుక్ చేస్తే మీ దగ్గర కారుచవకట కదా. చెప్పండి, ఎంత?"

మాస్టారు కళ్ళజోడు పైకి తోసుకున్నారు. "నాలుగేళ్ళకి మోకాలు బొత్తిగా వంగదు. వంగని మోకాలితో పెళ్ళంతా తియ్యాలంటే ఎంత కష్టం! కష్టం పెరిగితే రేటు పెంచాలా, వద్దా? లక్షా యాభై."

కోడలు వెనకగదిలోకి తప్పుకుని చీర చెంగు నోట్లో కుక్కుకుంది. కాంట్రాక్టరు ఎగిరిపడతాడనుకుంది. ఆయన మాత్రం మాస్టారిని మొదటిసారి మర్యాదగా చూశాడు. ఇంత అడుగుతున్నాడంటే పని గట్టిదే అయ్యుండాలి అనుకున్నట్టున్నాడు. కూర్చుని, సగం అడ్వాన్సు అక్కడికక్కడే ఇచ్చాడు. మోకాలు జాగ్రత్త అని కూడా చెప్పాడు. పాత కెమెరా మరమ్మతుకి వెళ్ళింది. కొత్తదానికి అడ్వాన్సు పోగా తక్కువైన డబ్బు కోసం కోడలు పొదుపు మొదలెట్టింది.

ఆ ఆదివారం పెళ్ళికి కోడలు కూడా వెళ్ళింది, రెండో కెమెరా పట్టుకుని. మాస్టారు హాలంతా తానే అయ్యారు. నేలమీద బోర్లా పడుకుని పెళ్ళికూతురి నవ్వు తీశారు. బల్లెక్కి మొత్తం జనాన్ని తీశారు. బల్లమీంచి దూకుతుండగా పెళ్ళికూతురి తల్లి ఎదురైంది.

"అయ్యో మాస్టారూ, మోకాలు!"

ఆయనకి అప్పుడు గుర్తొచ్చింది. "అబ్బా!" అని కుంటడం మొదలెట్టారు. కుంటింది ఎడమకాలు. ఆవిడ కుర్చీ కోసం పరిగెత్తింది. కోడలు ఆయన చెవి దగ్గరగా వెళ్ళి, "కుడిది, మావయ్యగారూ," అంది. మాస్టారు చటుక్కున కాలు మార్చారు.

రెండు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం బస్సు కండక్టరొకతను చెల్లెలి పెళ్ళి గురించి వచ్చాడు. పెళ్ళికి ఇంకా రెండున్నరేళ్ళుంది. మాస్టారు మూలకుర్చీలో పేపరు మొహం మీద కప్పుకుని నిద్రపోతున్నారు. కోడలే మాట్లాడింది.

"నెలకి ఎంత పక్కన పెట్టగలరండి?"

"ఆరొందలు. మరీ పిండితే ఏడొందలు."

"అయితే ఇరవై... ఉండండి, ఒక్క నిమిషం. పద్దెనిమిది వేలు. ఎందుకంటే, రెండున్నరేళ్ళకి మా కంప్యూటరు ముసలిదైపోతుంది. ఫొటోలు ఎక్కువ దిద్దలేదు. అందుకని రేటు తగ్గుతుంది."

"కొత్త కంప్యూటరు కొనుక్కోరా?" అన్నాడు కండక్టరు అమాయకంగా.

"కొ... కొనం. దానిమీద మమకారం."

అతను అయోమయంగా తలూపి, రాసిచ్చిన కాగితం జేబులో భద్రంగా పెట్టుకుని వెళ్ళాడు. మెట్ల చప్పుడు ఆగాక పేపరు కింది నుంచి గొంతు వినిపించింది.

"అమ్మాయ్, కారణం బలహీనంగా ఉంది. సామాన్లు చెప్పకూడదు, కొత్తవి కొనుక్కోమంటారు. ఒంట్లోంచి ఏదైనా చూసుకో."

కోడలు మెడ తడుముకుంది. "మెడనొప్పి ఎలా ఉంటుందంటారు, మావయ్యగారూ?"

"భేషుగ్గా ఉంటుంది," అన్నారు మాస్టారు, పేపరు తియ్యకుండానే. "ఏ వైపో మాత్రం ముందే ఖాయం చేసుకో."