సుద్దగీతకు మూరెడు అవతల

ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతూ, వేడెక్కిన రాతిలో ఒత్తిడి ఎలా పుడుతుందన్న విషయం మీద నేను పీహెచ్‌డీ చేస్తున్న రోజులవి. నాకు దొరికిన ప్రయోగశాల సోమందేపల్లె దాటాక ఒక బండ. దాని మీద భార్యాభర్తలిద్దరు కంపకట్టెలతో మంటపెట్టి రాతిపలకలు లేపేవారు. పైపొర వేడికి సాగబోతుంది, చుట్టూ ఉన్న చల్లని రాయి సాగనివ్వదు. ఆ పెనుగులాటలో పైపొర అడుగునుంచి విడిపోతుంది. ఈ మాట చెప్పడానికి నాకు నలభై పేజీలు పట్టాయి.

మొదటిరోజు ఒత్తిడిని పట్టే గేజ్‌లు బండకు అతికించాను. కాసేపటికే జిగురు కరిగి ఊడిపోయాయి. ఆయన వాటిని ఏరి, దుమ్ము దులిపి నా చేతికిచ్చాడు. అప్పటినుంచి ఆయన పద్ధతే నా కొలత. సుత్తితో బండను తట్టుకుంటూ పోతాడు. ఖంగుమంటే రాయి ఇంకా పట్టుకుని ఉన్నట్టు, డొల్లగా మోగితే పొర విడినట్టు. విడిన మేరకు సుద్దతో గీత గీస్తాడు. నేను దాన్ని కొలుచుకుని, కంప్యూటర్లో వేసిన లెక్కతో సరిచూసేదాన్ని.

మొదట్లో రెండూ దగ్గరగానే వచ్చేవి. రానురాను లెక్క ఆయన గీతకంటే మూరెడు ముందుకు పోసాగింది. తప్పు నాదే అనుకుని అంకెలు మార్చి చూశాను. తప్పు నాదేనని మా గైడుగారు కూడా వెంటనే ఒప్పుకున్నారు.

చివరికి, గీతకు అవతల ఒకసారి తట్టమని ఆయన్నే అడిగాను. తట్టాడు. నా చెవికే డొల్లగా వినిపించింది.

"ఈడ పట్టుకోనే ఉండాది మేడం," అన్నాడు.

కట్టెలు సర్దుతున్న ఆయన భార్య చెయ్యి ఆగింది. ఆయన నీళ్లు తాగడానికి వెళ్లాక నా దగ్గరికి వచ్చింది.

"ఆయప్పకు చెవులు తగ్గినాయి మేడం. ఉగాది కాడ్నుంచే నాకు తెలుసు. చెప్తే సుత్తి కింద పెట్టేస్తాడని గమ్మునుండా."

విడిపోయిన చోట కూడా మంట వేస్తున్నారని ఆమెకు తెలుసు. ఆ కంపంతా కొట్టి మోసుకొచ్చేది ఆమే.

ఆయన తిరిగొచ్చాక నా లెక్క కాగితం చూపించి, పొర ఇక్కడిదాకా విడిందని అందులోని గీత చూపించాను. మీ యంత్రం తప్పు చెప్పదా అని అడిగాడు. చెబుతుంది, ఈసారి మాత్రం చెప్పలేదన్నాను. ఆయన కాసేపు కాగితం వైపు, తర్వాత భార్య వైపు చూసి సుత్తి ఆమెకిచ్చాడు.

"నాకు మోకాళ్లు నొస్తాండాయి. ఇంకమీంద నువ్వే కొట్టు."

ఆమె తీసుకుంది. ఆ తర్వాత ఆయన రోజంతా మంట పక్కన గొంతుక్కూర్చుని కట్టెలు తోస్తుంటే చూశాను. మోకాళ్ల సంగతి ఎవరమూ ఎత్తలేదు.

పాత కొలతలు పనికిరావని తీసేశాను. కారణం రాసే గడిలో 'పరికరంలో లోపం' అని రాయమన్నారు గైడుగారు. రాయబుద్ధి కాలేదు. గడి ఖాళీగా వదిలేసి, ఆమెతో తట్టించి అన్నీ మళ్లీ కొలిచాను. ఇంకో వేసవి పట్టింది.