వైరు లేని ట్వీటరు

దెయ్యాల మాట ఎత్తడమే మా ఇంట్లో నామోషీ. మా తాతగారు కూచిపూడి భాగవతులను పిలిపించి మా సావిడిలో ఆడించిన మనిషి. ఆయన కింద పనిచేసినవాళ్లు కూడా చీకటికి జడిసేవారు కాదు. ఆ ఇల్లు, పొలాలు పోయాయి. నేనిప్పుడు బెంజ్ సర్కిల్ దగ్గర అద్దె ఫ్లాట్‌లో ఉంటున్నాను. లేనిపోనివి నమ్మడం మాత్రం ఇప్పటికీ అలవాటు కాలేదు. కిందటి వేసవిలో జరిగింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

నాన్నగారి స్పీకర్లు నడుమెత్తు ఉంటాయి. ఒక్కోదాంట్లో కింద పెద్ద కోను, పైన సన్నని ధ్వని పలికే చిన్న ట్వీటరు. బరువైన ధ్వనికి ఒక ఆంప్లిఫయరు, సన్నని ధ్వనికి ఇంకొకటి కట్టడం ఆయన పద్ధతి. అలా కట్టేటప్పుడు స్పీకరు వెనక పైభాగాన్నీ కింది భాగాన్నీ కలిపే ఇత్తడి పట్టీలు తీసెయ్యాలి. లేకపోతే ఆంప్లిఫయర్లు కాలిపోతాయి. నేనూ అలాగే కట్టాను.

ఆయన పద్యాలు పాడిన క్యాసెట్టు ఒకటి ఉంది. అక్క చిన్నప్పుడు ఆయనతో కలిసి పాడినది. పెద్దయ్యాక అక్క చర్చి స్కూలు మాస్టారిని పెళ్లి చేసుకుంది. నాన్నగారు అదే క్యాసెట్టు మీద ఒక్కరే మళ్లీ పాడి, ఆమె గొంతు చెరిపేశానని కబురు పంపారు. పోయేదాకా ఆమెతో మాట్లాడలేదు.

అందులో ఆయన గొంతొక్కటే ఉందని అక్కకు ఫోన్లో చెప్పాను. అయినా మంగళగిరి నుంచి వచ్చింది.

"సోఫా వేసుకునే చోట బీరువాలు నిలబెట్టావేంట్రా?" అని నవ్వింది. నాన్నగారి స్పీకర్లని చెబితే నవ్వు ఆపేసింది.

ట్వీటర్లకు కట్టిన ఆంప్లిఫయరు అప్పుడు రిపేరులో ఉంది. అది వచ్చాక విందువుగానిలే అన్నాను.

"నిజంగానే చెరిపేశారో, కోపంలో అన్నారో. నా చెవులతో ఒక్కసారి విననీరా" అంది.

పెట్టాను. కింది కోనుల్లోంచి నాన్నగారి గొంతు గోడ అవతలి నుంచి వచ్చినట్టు మొద్దుగా వచ్చింది. రెండో పద్యంలో ఒక ఆడపిల్ల గొంతు కలిసింది. తేటగా, పైనుంచి.

లేచి వెనక్కి వెళ్లి చూశాను. ట్వీటర్ల వైర్లు నేను విప్పి చుట్టినవి చుట్టినట్టే నేల మీద ఉన్నాయి. పట్టీలు సొరుగులో ఉన్నాయి. ట్వీటరు ముందున్న గుడ్డ మీద వేలు పెడితే సన్నగా అదిరింది. పిల్ల ఊపిరి అందక ఆగినచోట నాన్నగారూ ఆగారు.

పద్యం అయ్యాక అక్క నా వైపు చూడకుండా అడిగింది. "నీకూ వినపడిందా?"

"వినపడింది" అన్నాను.

చెరిపిన టేపులో పాత గొంతు కొంత మిగలవచ్చని రిపేరు షాపాయన అన్నాడు. వైరు లేని ట్వీటరు మోగడం మాత్రం జరగదన్నాడు. నేనూ అదే అంటాను. అయినా మోగింది. ఎలాగో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆంప్లిఫయరు వచ్చాక అన్నీ కలిపి మళ్లీ విన్నాను. పిల్ల గొంతు లేదు. నాన్నగారు ఒక్కరే పాడుతున్నారు. పద్యమంతా ఒక్క ఊపిరిలో చదవగలిగిన మనిషి, మధ్యమధ్య ఆగి, ఎవరికోసమో ఎదురుచూసి, మళ్లీ ఎత్తుకుంటున్నారు.