ఓబులేసు లాప్‌టాప్‌లో లేవని పెన్‌డ్రైవ్

దయ్యాలూ జిన్నులూ ఉన్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. మా అమ్మ నమ్మేది. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే ముందు దర్గాలో తాయెత్తు కట్టించి, ఆ తర్వాతే డాక్టరు దగ్గరికి తీసుకుపోయేది. తగ్గింది మాత్రం మందు బిళ్లలతోనే అని నా గట్టి నమ్మకం.

ప్రొద్దుటూరులో పదిహేడేళ్లుగా లాప్‌టాప్‌లు బాగుచేసే అంగడి నడుపుతున్నాను. వచ్చేవాళ్లలో సగం మంది "దీనికేదో పట్టింది బాషన్నా" అంటూనే వస్తారు. పట్టింది దుమ్మో బొద్దింకో అయ్యుంటుంది. విప్పి చూపిస్తాను, నవ్వుకుంటూ పోతారు. అలాంటి నేను ఇప్పుడు ఇది రాస్తున్నానంటే నాకే విసుగ్గా ఉంది. చదివినవాళ్లు నన్నూ ఆ సగంలో కలిపేస్తారని తెలుసు. కలిపేయండి.

కంప్యూటర్ తెలియని వాళ్ల కోసం రెండు మాటలు. పాత లాప్‌టాప్‌లలో విండోస్ ఈడ్చుకుంటూ నడుస్తుంది. దాన్ని తీసేసి లినక్స్ అనే తేలికైన సాఫ్ట్‌వేర్ వేస్తే అదే లాప్‌టాప్ ఇంకో నాలుగేళ్లు పనికొస్తుంది. లినక్స్‌ను ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, లాప్‌టాప్‌కు గుచ్చి, ఆన్ చేసేటప్పుడు ఒక బటన్ నొక్కితే, అది సొంత డిస్క్‌ను పక్కన పెట్టి పెన్‌డ్రైవ్ నుంచి లేస్తుంది. లేచాక, డిస్క్‌లో ఉన్న పాతదంతా తుడిచి కొత్తది వేసుకుంటుంది. ముప్పావు గంట పని. లేవకపోతే మాత్రం రోజంతా తినేస్తుంది.

ఆ లాప్‌టాప్ ఓబులేసుది. జమ్మలమడుగులో మగ్గం నేసేవాడు. నేతతో పాటు చీరల డిజైన్లు కంప్యూటర్‌లో తనే గీసుకునేవాడు. పోయిన చలికాలంలో గుండె ఆగి చనిపోయాడు. అప్పటి నుంచి ఆయన భార్య సుబ్బరత్నమ్మ ఆ మగ్గం మీద కూర్చుని నేస్తోంది. ఆయన గీసిన చివరి డిజైను చీరలే నేస్తోంది.

ఆ డిజైను కాపీ ఆ లాప్‌టాప్‌లో తప్ప ఇంకెక్కడా లేదు. అది పోతే ఆమె మగ్గం ఆగిపోతుంది. ఈ సంగతి మీకు ముందే చెబుతున్నాను. నాకు మాత్రం శుక్రవారం మధ్యాహ్నం దాకా తెలియదు.

బుధవారం పొద్దున దాన్ని నా దగ్గరికి తెచ్చింది ఓబులేసు తమ్ముడు గంగాధర్. పులివెందులలో అతనికి పొలాలకు వేసే డ్రిప్పు సామాను అంగడి ఉంది. కూతురు పాలిటెక్నిక్‌లో చేరింది, ఆ అమ్మాయి కోసం వదినే లాప్‌టాప్ ఇచ్చి పంపిందట. తనకు వాడటం రాదు, పిల్లకైనా పనికొస్తుందని.

"అంతా తుడిచేయ్ అన్నా. పాతది ఒకటి గూడా వద్దు" అన్నాడు.

"ఫోటోలు గీటోలు ఉంటే తీసిపెడతా, చూసుకుంటావా?" అని అడిగాను.

"వద్దన్నా. ఆయప్ప మొగం చూస్తే నాకు పని జరగదు" అన్నాడు.

నేను ఇంకేమీ అడగలేదు. రసీదు మీద 'డేటా అక్కర్లేదు' అని రాసి సంతకం చేయించుకున్నాను. అది నా పద్ధతి. ఇంకో పద్ధతి కూడా ఉంది. ఎవరి లాప్‌టాప్‌లోనూ ఫైళ్లు తెరిచి చూడను. ఇళ్లలోని ఫోటోలుంటాయి, ఆడపిల్లల ఫోటోలుంటాయి. చూడకపోవడమే మర్యాద అని మొదటి నుంచీ నా అలవాటు.

పదకొండున్నరకు పని మొదలుపెట్టాను. నా దగ్గర ఒక నీలం పెన్‌డ్రైవ్ ఉంది, మూత ఎప్పుడో పోయింది. ఆ వారంలోనే దాంతో ఐదు లాప్‌టాప్‌లకు లినక్స్ వేశాను. దాన్ని గుచ్చి, ఆన్ చేసి, బటన్ నొక్కాను. జాబితాలో పెన్‌డ్రైవ్ పేరు కనిపించింది. ఎంచుకున్నాను. నల్లటి తెర మీద చిన్న గీత ఒకటి మిణుకుమిణుకుమంది. రెండు నిమిషాల తర్వాత మళ్లీ విండోసే వచ్చింది.

ఇందులో వింతేమీ లేదు. వారానికి రెండు ఇలాంటివి వస్తాయి. సెట్టింగ్స్‌లోకి వెళ్లి, బయటి పెన్‌డ్రైవ్‌లను అడ్డుకునే సెక్యూర్ బూట్ ఆపేశాను. ఫాస్ట్ బూట్ ఆపేశాను. పాత పద్ధతిలో లేచేలా మార్చి చూశాను, కొత్త పద్ధతికి తిప్పి చూశాను. పెన్‌డ్రైవ్‌ను చెరిపి మళ్లీ ఎక్కించాను. వేరే పెన్‌డ్రైవ్ తీసుకున్నాను. వేరే రకం లినక్స్ తీసుకున్నాను. ప్రతిసారీ అదే గీత, అదే విండోస్.

అప్పుడు పెన్‌డ్రైవ్ పెట్టే సందులోకి టార్చి వేసి చూశాను. లోపల పసుపు. పోయిన దసరాకు మగ్గంతో పాటు లాప్‌టాప్‌కు కూడా పూజ చేసి, పక్కన బొట్లు పెట్టినట్టున్నాడు ఓబులేసు. ఎండిన పసుపు పెచ్చులు లోపలికి పోయాయి. మా ఊళ్లో ఇది మామూలే. బీరువాకు పెట్టినట్టే కంప్యూటర్‌కూ బొట్టు పెడతారు, దసరా అయిన నెల్లాళ్లూ నాకు దాన్ని గీకే పనే. దొంగ దొరికాడనుకున్నాను. బ్రష్షుతో, స్పిరిట్‌తో శుభ్రంగా తుడిచాను. అయినా లేవలేదు. రెండో పక్క సందులో అసలు పసుపే లేదు. అక్కడా లేవలేదు.

ఆ రోజుకు మూసేశాను. నడుము పట్టేసింది. నలభై ఆరేళ్లకే నా నడుము మా నాన్న నడుములా తయారైంది.

గురువారం విసుగు పుట్టి డిస్క్ ఊడదీశాను. డిస్క్ లేకుండా ఆ లాప్‌టాప్‌ను ఆన్ చేస్తే నీలం పెన్‌డ్రైవ్ ఠక్కున లేచింది. అంటే లాప్‌టాప్ బాగుంది, పెన్‌డ్రైవ్ బాగుంది. ఆ డిస్క్‌ను నా సొంత లాప్‌టాప్‌లో పెట్టాను. నా లాప్‌టాప్‌లోనూ పెన్‌డ్రైవ్ లేవలేదు. డిస్క్ తీసేస్తే లేచింది. మళ్లీ పెడితే లేవలేదు. నాలుగుసార్లు తీసి పెట్టాను, నాలుగుసార్లూ అంతే.

సరే, డిస్క్ పాడైందనుకున్నాను. పరీక్షించే ప్రోగ్రాం పెట్టి రెండు గంటలు ఆడించాను. ఒక్క లోపం కూడా చూపలేదు. విండోస్ నుంచే అంతా తుడిచి పారేద్దామని కూడా అనిపించింది. కానీ ఆపాటికి నాకు పంతం వచ్చింది. పదిహేడేళ్ల పనివాణ్ణి, ఒక పెన్‌డ్రైవ్‌ను లేపలేకపోతే ఎలా అని. ఆ పంతమే మంచిదైంది.

ఆ సాయంత్రం వాన మొదలై పొద్దుపోయేదాకా కురిసింది. మా ప్రొద్దుటూరులో పెద్దగా లేదు, జమ్మలమడుగు వైపు బాగా కొట్టిందని మర్నాడు విన్నాను.

శుక్రవారం పొద్దున డిస్క్‌ను దాని లాప్‌టాప్‌లోనే బిగించి ఇంకో మూడుసార్లు ప్రయత్నించాను. మధ్యాహ్నం నమాజుకు వెళ్తూ ఫోన్ సైలెంట్‌లో పెట్టాను. వచ్చాక తీయడం మర్చిపోయాను. అన్నం తిని, అంగట్లో కూర్చుని, గంగాధర్‌కు ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. లాప్‌టాప్ ఆపేసి ఉంది. నీలం పెన్‌డ్రైవ్ దానికే గుచ్చి ఉంది, తీసే ఓపిక లేదు.

మూడు గంటలప్పుడు ఒకామె ఆటో దిగి నేరుగా లోపలికి వచ్చింది. చీర కుచ్చిళ్లకు బురద. ఆయాసపడుతోంది.

"పులివెందుల గంగాధర్ ఇచ్చిన లాప్‌టాప్ ఈడనేనా? తుడిచేసినావా అన్నా?"

"లేదమ్మా. ఇంకా కాలేదు" అన్నాను.

ఆమె అక్కడే స్టూలు మీద కూలబడి ఏడ్చింది. నేను మంచినీళ్ల సీసా ముందుకు జరిపాను. అంతకన్నా ఏం చేయాలో తోచలేదు.

కాసేపటికి చెప్పింది. ఆమే సుబ్బరత్నమ్మ. చీరలో పువ్వులూ చిలకలూ రావాలంటే మగ్గం పైన బొక్కలు కొట్టిన అట్టలు దండగా కట్టి వేలాడదీస్తారు. ఆ బొక్కల్ని బట్టే దారాలు లేస్తాయి. రాత్రి వానకు రేకుల సందులోంచి నీళ్లు కారి, ఆ అట్టల దండ మొత్తం తడిసి ఉబ్బిపోయింది. మళ్లీ అట్టలు కొట్టించాలంటే కంప్యూటర్‌లో గీసిన డిజైను కావాలి. అట్టలు కొట్టే అతని పాత కంప్యూటర్ పాడైపోయింది, అతని దగ్గరా కాపీ లేదు.

"మూడో చీర సగంలో ఉండాది అన్నా. మగ్గానికి కట్టిన పడుగు దారాల మీద ఇంకా రెండు నేయాల. డిజైను ల్యాకపోతే పడుగు కోసేయాల్సిందే. ఆయన కట్టిన పడుగు అది. నా చేత్తో ఎట్ల కోసేది?"

మధ్యాహ్నం అట్టలు కొట్టే అతను కాపీ లేదనగానే మరిదికి ఫోన్ చేసిందట. గంగాధర్ నాకు చేశాడట. నా ఫోన్‌లో చూస్తే అతనివి పద్నాలుగు మిస్డ్ కాల్స్ ఉన్నాయి.

లాప్‌టాప్ ఆన్ చేశాను. విండోస్ లేచి ఫైళ్లు తెరుచుకోవడానికి పది నిమిషాలు పట్టింది. నా పద్ధతి పక్కన పెట్టి మొదటిసారి వేరేవాళ్ల ఫోల్డర్లు తెరిచాను. నలభైకి పైగా డిజైన్లు. పేర్లు లేవు, అంకెలే. ఒక్కొక్కటే తెరిచి చూపించాను. ఆమెకు కంప్యూటర్ రాదు కానీ, ఇరవయ్యోదో ఇరవై రెండోదో రాగానే తెర మీద వేలు పెట్టింది. అంచులో చింతాకులు, కొంగులో చిలకలు.

"ఇదే. ఈ చిలక ముక్కు ఆయన రెండుసార్లు దిద్దినాడు. మొదట కాకి ముక్కు మాదిరి ఉందంటి" అంది.

ఆ ఫైలును, దాంతో పాటు మొత్తం ఫోల్డర్‌ను నా కంప్యూటర్‌లోకి తీసుకున్నాను. ఆమె కోసం వేరే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. రెండింటిలోనూ తెరిచి చూసుకున్నాను. అట్టలు కొట్టే అతనికి ఫోన్‌లో పంపాను. అతను అందిందన్నాక లాప్‌టాప్‌ను రీస్టార్ట్ చేశాను. ఎందుకు చేశానో కూడా గుర్తులేదు. చేతికి అలవాటైన పని.

బటన్ ఏదీ నొక్కలేదు. ఇది గట్టిగా చెప్పగలను, ఆ సమయంలో నా చేతిలో ఆమె తాగిన నీళ్ల సీసా ఉంది. నల్లటి తెర రాలేదు, మిణుకుమనే గీత రాలేదు. నేరుగా లినక్స్ లేచింది. మూడు రోజులుగా నేను చూడాలని నానా తిప్పలు పడిన తెర, ఏ భాష కావాలి అని అడుగుతూ నా ఎదురుగా ఉంది.

నేను సీసా పట్టుకుని అట్లే నిలబడ్డాను. ఆమెకు విషయం చెప్పాను. ఇది మూడు రోజులుగా లేవలేదమ్మా, ఇప్పుడు దానంతటదే లేచింది అని. ఆమె ఆశ్చర్యపోతుందనుకున్నాను. పోలేదు.

"ఆయన ఏ పనైనా శానా నిదానం లేప్పా. సరే, ఇంక తుడిచేయ్. పిల్ల సదువుకోవాల" అంది. కళ్లు తుడుచుకుని, పెన్‌డ్రైవ్‌ను కొంగున ముడేసుకుని, జమ్మలమడుగు బస్సుకు వెళ్లిపోయింది.

ముప్పావు గంటలో పని అయిపోయింది. శనివారం గంగాధర్‌కు ఇచ్చే ముందు అన్నీ మళ్లీ చూశాను. సెట్టింగ్స్‌లో మొదట డిస్కే ఉంది, పెన్‌డ్రైవ్ తర్వాతే ఉంది. అంటే బటన్ నొక్కకుండా పెన్‌డ్రైవ్ నుంచి లేవకూడదు. పదిసార్లు ప్రయత్నించాను. బటన్ నొక్కితే పదిసార్లూ లేచింది. నొక్కకపోతే ఒక్కసారి కూడా లేవలేదు. ఆ శుక్రవారం తప్ప. అదే డిస్క్‌తో ఆ అమ్మాయి ఇప్పటికీ చదువుకుంటోంది, ఇంతవరకు ఒక్క ఫిర్యాదు రాలేదు.

కడపలో నాలాగే అంగడి నడిపే స్నేహితుడికి చెప్పాను. లూజు కాంటాక్ట్ అన్నాడు, ఊడదీసి బిగించడంతో సర్దుకుని ఉంటుందన్నాడు. కావచ్చు. కానీ బిగించాక కూడా శుక్రవారం పొద్దున మూడుసార్లు లేవలేదు కదా అంటే, "నువ్వు అలసిపోయినావు బాషా, పడుకో" అన్నాడు. అదీ నిజమే.

నాకు భయం వేయలేదు. సిగ్గేసింది. ఇన్నేళ్లలో వందల డిస్క్‌లు తుడిచాను. అన్నీ చక్కగా లేచాయి, చక్కగా తుడుచుకుపోయాయి. సంతకం చేసినవాడు ఒకడు, పోగొట్టుకున్నవాళ్లు ఇంకొకరు అయ్యుండవచ్చని ఒక్కనాడూ ఆలోచించలేదు. ఇప్పుడు ఎవరు ఏది తెచ్చినా ఇంట్లో అందరినీ అడిగి రమ్మంటున్నాను. కొందరు విసుక్కుని పక్క అంగడికి పోతున్నారు.

సుబ్బరత్నమ్మ తర్వాత ఫోన్ చేసింది. మూడో చీర పూర్తిచేసి మగ్గం మీంచి కోసిందట, నాలుగోది ఎత్తుకుందట.

చనిపోయినవాడు తన పనిని కాపాడుకున్నాడని మా ఆవిడ అంటుంది. పోనీ అలాగే అనుకుందామన్నా నాకు లెక్క కుదరడం లేదు. వాన పడింది గురువారం రాత్రి. బుధవారం పదకొండున్నరకు ఆ పెన్‌డ్రైవ్ లేచి ఉంటే పన్నెండున్నరకల్లా ఆ డిజైను పోయేది. అప్పటికి అట్టలు పొడిగా ఉన్నాయి. మగ్గం ఆడుతోంది. ఆ ఫైలు భార్యకు అక్కర్లేదు, తమ్ముడికి అక్కర్లేదు, లోకంలో ఎవరికీ అక్కర్లేదు. మరి బుధవారం అది ఎందుకు లేవలేదో నాకు ఇప్పటికీ తెలియదు.