అవ్వకు దొరికిన రాయి, నేనెత్తిన సుత్తి

మా చిన్నతనంలో తొలివాన పడి ఆగిందంటే మా వజ్రకరూరు వైపు ఇళ్లలో ఎవరూ ఉండేవాళ్లు కాదు... సద్ది కట్టుకుని అందరూ చేలల్లోనే. నడుములు వంచి, నేలనే చూస్తూ... వజ్రాల వేట!

మా అవ్వ, అంటే నాయన వాళ్లమ్మ, ఏటా పోయేది. ఏటా ఒడి నిండా గులకరాళ్లతో వచ్చేది. నేను ఎనిమిదో తరగతిలో ఉన్న ఏడు మాత్రం శనగగింజంత రాయి తెచ్చింది... ఎండలో పెడితే తళుక్కుమంది!

"వజ్రమే ఇది. నా మనసు చెప్తాండాది" అంది. మరుసటి రోజు గుత్తి నుంచి వ్యాపారి వస్తాడు, చూపిద్దామన్నారు. ఎండిన చేనికి బోరు వేయించాలని అవ్వ ఆశ. ఆ రాత్రే మా ఇంట్లో మాటల్లో బోరు పడిపోయింది, నీళ్లు కూడా వచ్చేశాయి...

సరిగ్గా ఆ వారమే సైన్సు అయ్యోరు కర్బనం పాఠం చెప్పారు. పెన్సిల్ ముల్లూ, వజ్రమూ రెండూ కర్బనమేనట! ముల్లులో పరమాణువులు పొరలు పొరలుగా ఉంటాయట, పొరకూ పొరకూ మధ్య పట్టు తక్కువట. అందుకే జారి కాగితానికి అంటుకుంటాయట. వజ్రంలో మాత్రం ఒక్కో పరమాణువు చుట్టూ ఉన్న నాలుగింటిని గట్టిగా పట్టుకుని ఉంటుందట... అందుకే దానంత గట్టిది లేదట.

నా బుర్రకు ఆ చివరి ముక్కే ఎక్కింది. గట్టిదైతే పగలదు కదా... ఇంక వ్యాపారి ఎందుకు? తెల్లారగానే రాయిని రోలు అంచున పెట్టి, నాయన సుత్తితో ఒక్కటి వేశాను.

పొడి పొడి అయిపోయింది.

అవ్వ వచ్చి చూసింది. ఒక ముక్క ఏరి వెలుగుకు పట్టింది. తర్వాత నవ్వేసింది. "వజ్రమైతే యాడైనా పగులుతాదా? గాజుపెంకులే పాపా..." అని వాకిలంతా ఊడ్చి పెంటదిబ్బలో పోసింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

బడికి పోయి అయ్యోరికి గొప్పగా చెప్పాను. ఆయన తల పట్టుకున్నారు. "ఎంత పని చేస్తివమ్మా! గట్టిదంటే గీత పడదని. ఆ పట్టు వంగదు, సాగదు... పరమాణువుల వరస చూసి దెబ్బ పడితే వజ్రమూ చీలిపోతాది!"

ఆ మాటను ఐదేళ్లు కడుపులో దాచుకున్నాను. ఇంటర్ అయ్యాక ఒక తొలివానకు, చేని గట్టున కూర్చుని, ఏడుస్తూ అవ్వకు చెప్పేశాను.

"నాకు తెలీదా ఏంది? చిన్నప్పట్నుంచి ఈడే తిరుగుతాండా. సుత్తి దెబ్బకు వజ్రం కూడా పగులుతాది" అంది అవ్వ, సద్దిమూట విప్పుతూ. "ఆ మాట అనుంటే ఆ పొద్దు నువ్వు కూడు తినుండేదానివా?"

ఇప్పుడు తొలివానకు ఎక్కడెక్కడి నుంచో కార్లేసుకుని వస్తున్నారు. వెతికేవాళ్లు ఎక్కువయ్యారు... అవ్వలాంటి మనిషి మాత్రం నాకు మళ్లీ దొరకలేదు.

మీరు పగలగొట్టిందేంటి? మిమ్మల్ని ఏడవనీయకుండా ఎవరు నవ్వేశారు? కామెంట్లలో చెప్పండి...