శుద్ధినాడు లేచిన తొట్టి

మా వంశంలో ఆడవాళ్ళు వీధి కుళాయి దగ్గర నిలబడరు. నర్సీపట్నంలో మా పెరటి కింద నేలతొట్టి వెలిసింది ఈ ఒక్క మాట కోసమే. నాతవరం వైపు భూములు పోయి, ఊళ్ళో ఇల్లు కూడా చాలా భాగం పరాయివాళ్ళ చేతికి వెళ్ళాక, మిగిలిన వాటాలో నాన్నగారు మొదట కట్టించింది అదే. అది డెబ్భైల నడిమి కాలం. వీధి నుంచి గొట్టం లాగించి, వంటింటి గోడను ఆనుకుని, మనిషి లోతున, గదంత సిమెంటు తొట్టి కట్టించారు. దాని కప్పే మా పెరటి గచ్చు. అమ్మ బిందె పట్టుకుని గడప దాటే అవసరం ఆనాటితో తీరిపోయింది. వీధివాళ్ళు దాన్ని అహంకారమన్నారు. అననీ. మర్యాద ఎరగని వాళ్ళకు అది అలాగే కనిపిస్తుంది.

ఎనభైల మొదట్లో, ఒక భాద్రపదంలో, నానమ్మ పోయింది. ఆ ఏడు వాన తెరిపివ్వలేదు. పెరటి గోడ అవతల వరిమడి గట్టు కూడా మునిగింది. బావిలో నీళ్ళు వంగి చెయ్యి చాపితే అందేవి, కానీ ఎర్రగా, నోట పెట్టలేనట్టు ఉండేవి. గచ్చు పగలంతా చెమర్చేది. చీమలు గుడ్లు మోసుకుంటూ గోడలెక్కాయి. అవి దిగి రాకపోవడం నేను గమనించాను.

మైలలో నిలవున్న నీళ్ళు శుద్ధినాడు పారబోయాలి. అందరూ కుండ బోర్లించి, బిందె తోమి ఊరుకుంటారు. మా ఇంట్లో మాత్రం తొట్టి కూడా బిందె కిందే లెక్క అని మేనత్త తేల్చింది. ఆవిడ నాన్నగారికి అప్ప. ఆవిడ మాటకు ఆ ఇంట్లో ఎదురు లేదు.

నేను అప్పటికి జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతున్నాను.

"నాన్నగారూ, ఈ వానల్లో తొట్టి ఖాళీ చెయ్యకండి. నేలలో నీరు పైదాకా ఉంది. తొట్టి పైకి లేస్తుంది," అన్నాను.

నాన్నగారు కొత్తగా గొరిగించుకున్న తల తిప్పి చూశారు.

నేను గంగాళం నిండా నీళ్ళు పెట్టి, ఖాళీ చెంబును మూతి పైకి ఉండేలా అందులోకి నొక్కాను. చెంబు నా అరచేతిని పైకి తోసింది. ఎంత లోతుకు నొక్కితే అంత గట్టిగా తోసింది.

"ఇదే చెంబులో నీళ్ళు పోస్తే మునుగుతుంది. మన తొట్టీ అంతే. అది ఆక్రమించిన చోటులో ఎంత నీరు పడుతుందో, అంత బరువుతో నేలనీరు దాన్ని కిందనుంచి తోస్తుంది. సిమెంటు బరువు దానికి చాలదు. ఇన్నాళ్ళూ తొట్టిని అణచి ఉంచింది లోపలి నీళ్ళే."

మేనత్త పకపక నవ్వింది. "సెంబు తేలతాది, సరే. సిమెంటు గది తేలతాదేటిరా? అలాగైతే తెడ్లు కూడా తెప్పించీ, అందరం ఎక్కి సముద్రానికి పోదాం!"

"పిల్లలకు చెప్పే పాఠం నాకు చెప్పకు," అన్నారు నాన్నగారు. "మా అమ్మ మైలనీళ్ళు ఈ ఇంట్లో నిలవుండవు."

శుద్ధినాడు పొద్దున్నే పొలాలకు నీళ్ళు తోడే ఆయిల్ ఇంజను వచ్చింది. దాని మోతకు వంటింటి గిన్నెలు అదిరాయి. లోపల అమ్మ మడికట్టుకుని వంట చేస్తోంది. తొట్టి నీళ్ళు గోడ కన్నంలోంచి అవతలి వరిమడిలోకి పోతుంటే, మడి వాటిని తీసుకోలేక మళ్ళీ మావైపే ఊరుతోంది.

తొట్టి ముప్పాతిక ఖాళీ అయ్యేసరికి అమ్మ కేకేసింది. "వదినగారూ, వంటింటి తలుపు పడటం లేదు."

"వానకి సెక్క ఉబ్బిందే. గట్టిగా తొయ్యి," అంది మేనత్త.

నేను తలుపు వైపు చూడలేదు. గుమ్మం కింద చూశాను. నిన్నటిదాకా గడప కంటే కిందుగా ఉన్న గచ్చు ఇప్పుడు గడపతో సమంగా ఉంది. తలుపు అడుగు దానికే తగులుతోంది.

ఇంజనువాడు మోత ఆపేశాడు. ఆ నిశ్శబ్దంలో కాళ్ళ కింద ఏదో బరువైనది ఒత్తిగిలుతున్నట్టు మూలుగు వినిపించింది.

"బాబూ, కింద ఏటో కదుల్తంది! నానిక్కడ నిలబడను," అంటూ వాడు గోడెక్కాడు.

వీధి వైపు గొట్టం ఠప్పున విరిగింది. వంటింటి గోడ మీద వెంట్రుకలాంటి బీట ఒకటి, చూస్తుండగానే, పొయ్యి దాకా దిగింది.

"వరిమడిలో నీళ్ళు తొట్టిలోకి తోడండి! బేగి!" అని అరిచాను.

మేనత్త చేతులు అడ్డం పెట్టింది. "ఎరువూ పేడా కలిసిన నీళ్ళా? శుద్ధినాడా? ఇంక ఆ తొట్టి నీళ్ళు ఎవరు తాగుతారు? నీ పెళ్ళాం రేపు ఏ కుళాయి కాడ నిలబడతాదిరా?"

ఆ చివరి మాట నాన్నగారిని ఉద్దేశించినది. ఆయన బీటను చూశారు. దాని కింద, వంట ముగియనిదే బయటికి రాని అమ్మను చూశారు.

"పొయ్యండి," అన్నారు.

ఇంజను పీల్చే గొట్టం వరిమడిలోకి మార్చగానే ఎర్రటి నీళ్ళు తొట్టిలోకి దూకాయి. సగం నిండాక మూలుగు ఆగింది. బీట అక్కడే నిలిచింది. కానీ తొట్టి తన చోటికి దిగలేదు. అది లేచిన సందులోకి అప్పటికే బురద చేరింది.

మర్నాడు అమ్మ ఇత్తడి బిందె తీసింది. నాన్నగారు ఆమె చేతిలోంచి దాన్ని అందుకుని, వానలోనే వీధిలోకి నడిచారు. నేను వెనకే వెళ్ళాను. కుళాయి దగ్గరివాళ్ళు తలలు తిప్పి చూశారు.

"ముందు మీరు పట్టుకోండి బాబుగారూ," అంది ఒకావిడ, పక్కకు జరిగి.

"నా వంతు రానీ అమ్మా," అన్నారు. వరస చివర నిటారుగా నిలబడ్డారు. ఆయన పోయేదాకా రోజూ అలాగే నిలబడ్డారు. మా ఇంటి ఆడవాళ్ళు ఈనాటికీ అక్కడ నిలబడలేదు.

తొట్టి ఇంకా ఉంది, ఎవరూ తాగని నీళ్ళతో, నిండుగా. వానాకాలం రాగానే నేను పొద్దున్నే లేచి, ముందు, ఆనాడు అడుగు కోయించిన వంటింటి తలుపు మూసి చూస్తాను.