తాళం వేసిన ఆస్పత్రి ముందు మా తాత

ధర్మవరంలో నా చిన్నప్పుడు మా ఇంటిని అందరూ ఎమ్మెల్యే గారి ఇల్లు అనేవారు. ఆ ఎమ్మెల్యే మా తాత. అంతకుముందు ఆయన పట్టుచీరల వ్యాపారి. మగ్గాల వీధుల్లో తిరిగి చీరలు కొని, బెంగళూరు తీసుకెళ్లి అమ్మేవాడు. నేతవాళ్లకు పట్టునూలు దొరకక పస్తులున్న ఒక ఏడు, వాళ్ల తరఫున ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఆ తిరుగుడే ఆయన్ని ఎన్నికల్లో నిలబెట్టింది, గెలిపించింది కూడా. తెల్లారేసరికి మా అరుగు నిండా జనం ఉండేవారు. ఒకరికి పింఛను కావాలి, ఒకరికి బోరు కావాలి, ఇంకొకరి కొడుక్కి ఉద్యోగం కావాలి. మా తాత నోరు తెరిచి చెబితే చాలు, ఏ పనైనా అయిపోతుందని నేను గట్టిగా నమ్మేదాన్ని.

కొత్తచెరువు దారిలో ఒక చిన్న పల్లె ఉంది. అక్కడ ఆస్పత్రి కట్టిస్తానని ఓట్లప్పుడు మాటిచ్చాడు, కట్టించాడు. ప్రారంభం రోజు నన్నూ తీసుకెళ్లాడు. గోడలో పెట్టిన నల్లరాయి మీద ఆయన పేరును నేను గట్టిగా చదివితే ఊరంతా నవ్వి చప్పట్లు కొట్టింది. కానీ ఆ ఆస్పత్రికి డాక్టరు రాలేదు. తాత హైదరాబాదు వెళ్లినప్పుడల్లా మంత్రిగారి దగ్గర అడిగేవాడు. అసెంబ్లీలో లేచి అడిగాడు. చూద్దామన్నారు, పంపిస్తామన్నారు. తాళం మాత్రం వేసింది వేసినట్టే ఉంది. వరండాలో మేకలు పడుకునేవి.

ఆ ఏడు దసరా సెలవుల్లో తాత జీపులో నేనూ ఊళ్లు తిరిగాను. ఒకరోజు మధ్యాహ్నం ఆ పల్లెకు చేరేసరికి ఆస్పత్రి ముందు జనం గుమిగూడి ఉన్నారు. మెట్ల మీద ఒక తల్లి కూర్చుని ఉంది. ఆమె ఒడిలో నా ఈడు పిల్ల. చేనులో శనక్కాయ చెట్లు కుప్ప వేస్తుంటే కాలి మీద పాము కరిచిందట. తాళం వేసి ఉంటుందని తెలిసి కూడా, ఊళ్లో ఉన్న ఆస్పత్రి అదొక్కటే గనక అక్కడికే ఎత్తుకొచ్చారు.

తాత ఆ పిల్లను జీపులోకి ఎత్తుకున్నాడు. తల్లి పక్కన కూర్చుంది. నేను డ్రైవరు పక్కన కూర్చుని వెనక్కి తిరిగి చూస్తున్నాను. అప్పట్లో అది గుంతల దారి. తొందరగా పోనిస్తే పిల్ల ఎగిరెగిరి పడుతోంది, నిదానంగా పోనిస్తే పొద్దు పోతోంది. ఆ పిల్ల రెప్పలు బరువుగా వాలిపోతున్నాయి.

“నిద్రపోవద్దు తల్లీ. నాతో మాట్లాడు. నీ పేరేంది?” అన్నాడు తాత.

ఆ పిల్ల చెప్పింది. కొంచెం దూరం పోయాక మళ్లీ అడిగాడు. నాలుక మడతపడుతున్నా చెప్పింది. ధర్మవరం ఇళ్లు కనబడుతుండగా ఇంకోసారి అడిగాడు. ఈసారి చెప్పలేదు. తాత అడుగుతూనే ఉన్నాడు. పెద్దాస్పత్రిలో డాక్టరు చెయ్యి పట్టుకుని చూసి తల అడ్డంగా ఊపాడు.

కొన్ని రోజులకు తాత ఆ ఊరికి బయలుదేరితే పార్టీవాళ్లు అడ్డుపడ్డారు. జనం కోపం మీద ఉన్నారు, ఇప్పుడు పోవద్దన్నారు. ఆయన వినలేదు. నేనూ వస్తానని ఏడుపు మానకపోవడంతో అవ్వ నన్ను కూడా జీపెక్కించింది.

తాత వచ్చాడని తెలిసి ఆ తల్లి నేరుగా ఆస్పత్రి దగ్గరికే వచ్చింది. నల్లరాయి మీద అరచెయ్యి పెట్టి ఆయన్ని చూసింది.

“ఈడ నీ పేరు ఉండాది. డాక్టరు యాడ సామీ? తాళం వేసేదానికా ఇంత గోడ కట్టిస్తివి? నా బిడ్డ ఈ మెట్ల మీద ఎంతసేపు ఉన్నిందో నీకు తెలుసునా?”

తాత వెంట వచ్చినాయన కల్పించుకున్నాడు. “సారు అడగని చోటు లేదమ్మా. పైవాళ్లే పంపల్యా...”

తాత చెయ్యెత్తి ఆయన్ని ఆపాడు. “ఆయమ్మను మాట్లాడనీ.”

ఆమె చాలాసేపు మాట్లాడింది, తిట్టింది. ఇంక గొంతు రాక మెట్ల మీద కూలబడింది. తాత అంతసేపూ ఎండలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తర్వాత కింది మెట్టు మీద, ఆ దుమ్ములోనే కూర్చున్నాడు. ఆమె లేచి ఇంటికి వెళ్లాకే ఆయన లేచాడు.

తిరిగి వస్తుంటే నేను ఉండబట్టలేక అడిగాను. “నువ్వు ఎమ్మెల్యేవి కదా తాతా, డాక్టర్ని పంపించలేవా?”

“అడిగేదే నా చేతిలో ఉండేది పాపా. ఇచ్చేది ఇంకొకరి చేతిలో.”

“ఆ మాట ఆమెకు చెప్పొచ్చు కదా!”

తాత బయటికి చూస్తూ అన్నాడు. “చెప్తే నా బరువు దిగుతాది. ఆయమ్మది దిగుతాదా? ఓట్లడిగేదానికి నేనే పోయినా కదా. ఆయమ్మ ఇంకెవురిని అడగల్ల?”

తర్వాతి ఎన్నికల్లో ఆయన ఓడిపోయాడు. ఆ పల్లెలో ఓట్లు పడలేదని ఎవరో చెప్పబోతే విననన్నాడు. ఆ తర్వాత ఆయనకు టికెట్టు రాలేదు. మళ్లీ చీరల మూట పట్టుకుని బెంగళూరు రైలెక్కాడు. ఆయన పోయిన చాలా ఏళ్లకు ఆ ఆస్పత్రికి ఒక డాక్టరు వచ్చాడు. కొన్ని నెలలకే బదిలీ మీద వెళ్లిపోయాడు.

నేను నర్సునయ్యాను. హిందూపురంలో, పెనుకొండలో చాలాకాలం పనిచేసి రిటైరయ్యాను. ఇంక చెయ్యగలిగింది ఏమీ లేదని బయట కూర్చున్నవాళ్లకు చెప్పాల్సి వస్తే ఇంకెవరినీ పంపేదాన్ని కాదు, నేనే వెళ్లేదాన్ని. వాళ్లు నన్నే తిట్టేవారు, నా చెయ్యే పట్టుకుని ఏడ్చేవారు. మందు లేదనీ, పైవాళ్లు పంపలేదనీ నాలుక చివరిదాకా వచ్చేది. మింగేసి అక్కడే నిలబడేదాన్ని. దానివల్ల ఎవరి బిడ్డా తిరిగి రాలేదు. వాళ్లు లేచి వెళ్లేదాకా నేను మాత్రం కదలలేదు. ఇప్పటికీ, చావు జరిగిన ఇంటికి వెళితే, ఓదార్చడానికి నాకు మాటలు రావు. ఊరికే కూర్చుంటాను.