గమ్హరియాలో చేయించిన కంప్యూటర్ డబ్బా

ఇప్పుడంటే ఫోన్లో నాలుగు చోట్ల వేలితో నొక్కితే కంప్యూటరు గుమ్మం ముందుకొచ్చి నిలబడుతోంది గానీ, ఆ రోజుల్లో జంషెడ్‌పూర్‌లో కంప్యూటరు కొనడమంటే పెళ్ళి సంబంధం కుదర్చడమంత పని. ఒక్కో భాగాన్నీ విడిగా వెతకాలి. ఒకదానికొకటి పొసుగుతాయా లేదా అని పదిమందిని అడగాలి. ఆ పదిమందీ పదకొండు రకాలుగా చెప్పేవారు. రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయిందేమో, నాకప్పుడు పదిహేడేళ్ళు. నాకు తెలియని విషయమంటూ ఈ లోకంలో లేదని గట్టిగా నమ్మే వయసు. (ఆ నమ్మకం నన్ను ఏ ఆదివారం వదిలిపోయిందో కాస్త ఓపిక పడితే చెబుతాను.)

మా నాన్న కంపెనీలో, రోలింగ్ మిల్లు మెయింటెనెన్స్‌లో ఫోర్‌మన్. మా ఊళ్ళో కంపెనీ అంటే ఒకటే కాబట్టి పేరుతో పనిలేదు. మాది అగ్రికోలో రెండు గదుల క్వార్టరు. నేను పాలిటెక్నిక్ మొదటి సంవత్సరం. ఆ ఏడాది అందరికీ ఒకే చదువు, తరవాత ఎవరి బ్రాంచి వాళ్ళు ఎంచుకోవాలి. నాన్న మనసు మెకానికల్ మీద, నా మనసు కంప్యూటర్ మీద. ఎందుకే అంటే ఇంట్లో నేను చెప్పిన కారణం భవిష్యత్తు. అసలు కారణం వేరే ఉంది. పక్క లైన్లో నా స్నేహితురాలి అన్నయ్యకి ఒక కంప్యూటరుండేది. అందులో ఒక ఆట. మంటల్లో తగలబడుతున్న కోట, చేతిలో కత్తి, ఎదురుగా కొమ్ముల రాక్షసులు. నా వంతుకి పది నిమిషాలు దక్కాయి. అందులో ఏడు నిమిషాలు ఆ కంప్యూటరు మోయలేక ఆగిపోతూ, ఈడ్చుకుంటూ నడిచింది. మిగిలిన మూడు నిమిషాల్లో నా జీవిత లక్ష్యం ఖాయమైపోయింది. ఆగకుండా, తడబడకుండా ఆ ఆట ఆడే కంప్యూటరు మా ఇంట్లో ఉండాలి.

పదిహేను రోజులు నేను సాధించగా సాధించగా నాన్న ఒక ఒప్పందానికొచ్చాడు. "ఒక్కో పుర్జా, ఒక్కో ముక్కా నువ్వే ఏరు, నువ్వే బిగించు. అది నడిస్తే కంప్యూటర్ బ్రాంచికి ఎల్లు. నడవలేదనుకో, నోర్మూసుకుని మెకానికల్‌లో సేరు. సరేనా?" అన్నాడు. నేను ఎగిరి గంతేసి, సంతకం కోసం బ్రాంచి ఫారం చేతికిచ్చేశాను. అది కాలేజీలో ఇవ్వాల్సిన ఆఖరి రోజుకి నెల కూడా లేదు. నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి బీరువాలో పడేశాడు. "సంతకం ఊరికే పెట్టీది కాదు. సంతకమెడితే కింద తేదీ ఎయ్యాల. తేదీ ఏత్తే మరి మాట మారకూడదు. ముందు మిషను నడవనీ," అన్నాడు. ఆయన గ్యాస్ బండ పుస్తకం మీద సంతకం చేసినా కింద తేదీ వేసే మనిషి.

ఆ శనివారం సాక్చి బజారుకి వెళ్ళాం. పాత పత్రికలు చదివి నోటుపుస్తకంలో రాసుకున్న జాబితా నా చేతిలో, గుడ్డ సంచి నాన్న చేతిలో. కొట్టతన్ని అందరూ కంప్యూటర్ భయ్యా అనేవారు, సన్నగా గాలికి ఊగేలా ఉండేవాడు. నేను ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్ అని గడగడా చదువుతుంటే అతను డబ్బాలు దించుతున్నాడు. నేను ఒక డబ్బా వద్దంటాను, దాని పక్కది తియ్యమంటాను, ఈ బోర్డుకి ఆ ర్యామ్ పట్టదంటాను. అతను మళ్ళీ నిచ్చెనెక్కుతాడు. నాన్న స్టూలు మీద కూర్చుని అంతా చూస్తున్నాడు. అంతవరకూ బాగానే ఉంది. ఫ్యాను దగ్గరికొచ్చేసరికి నాకు నీలం లైటు వెలిగేది కావాలి. నాన్న లేచి, దాన్ని చేతిలోకి తీసుకుని, వేలితో ఒకసారి తిప్పి, చెవి దగ్గర పెట్టుకున్నాడు. "ఇస్ మే బేరింగ్ హై కి బుష్?" అని, అది తిరిగేది బేరింగు మీదా ఉత్త బుష్షు మీదా అని ఆరా తీశాడు. కంప్యూటర్ భయ్యా పదేళ్ళ వ్యాపారంలో ఈ ప్రశ్న విని ఎరగడు. డబ్బా తిప్పి తిప్పి చదివి, "పతా నహీ అంకుల్," అని చేతులెత్తేశాడు. "బుష్షయితే ఆర్నెల్లకి అరుత్తాదే చిట్టీ, బేరింగుదే తీసుకో," అన్నాడు నాన్న నాతో. కొట్లో ఇంకో నలుగురు కుర్రాళ్ళున్నారు. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. తెలుగు రానిదానిలా "చలియే న పాపా, ప్లీజ్," అంటూ ఇక వెళ్దామని బతిమాలాను. (ఇంట్లో నాన్నా అని పిలిచే నేను సాక్చిలో పాపా అనేదాన్ని. ఆ ఊళ్ళో పెరిగిన పిల్లలందరికీ ఉన్న జబ్బే ఇది.)

నాన్న ఎక్కడ కదులుతాడు! కరెంటు సప్లై చేసే పెట్టె వంతు వచ్చింది. భయ్యా రెండు రకాలు పెట్టాడు, రెండిటి మీదా ఒకే అంకె రాసుంది. నాన్న చెరో చేత్తో చెరోదాన్ని ఎత్తి, కళ్ళు మూసుకుని, కూరగాయలు తూచినట్టు తూచాడు. "ఇది బరువుంది, లోపల రాగి ఉన్నట్టే. అది డొల్ల," అని తేల్చేశాడు. కుర్రాళ్ళు కిసుక్కుమన్నారు. భయ్యా మాత్రం నవ్వలేదు. వాపసు వచ్చేవన్నీ ఆ తేలికవేనని ఒప్పుకుని, నాన్నకి టీ తెప్పించాడు. ఆఖరున నా అసలు కోరిక, గ్రాఫిక్స్ కార్డు. అది లేకపోతే ఆ ఆట ఆడదు. "ఇదెందుకు?" అని నాన్న అడిగితే, "డ్రాయింగ్ కోసం నాన్నా, ఇంజనీరింగ్ డ్రాయింగ్ ఇందులోనే గీస్తారు," అని తడుముకోకుండా చెప్పేశాను. నాన్న ఆ అట్టడబ్బాని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. తరవాత సంచిలో పెట్టుకున్నాడు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఇక మిగిలింది ఇవన్నీ బిగించే కేబినెట్ ఒక్కటే. కొట్లో ఉన్నవాటిని నాన్న బొటనవేలితో నొక్కి చూశాడు. నొక్కినచోటల్లా సొట్ట పడింది. "ఇది రేకు. బిస్కట్లెట్టుకోడానికి బాగుంటాది," అని బయటికి నడిచాడు. అలా మా కేబినెట్ పని ఊరవతల ఫ్యాక్టరీలుండే గమ్హరియాలో చిన్న షెడ్డు ఉన్న గ్యాస్‌కటింగ్ మావయ్య చేతిలో పడింది. ఆయన నాన్నకి పాత స్నేహితుడు, వరసకి బావ. విదేశాలకెళ్ళే ఆర్డర్లకి బ్రాకెట్లు చేస్తూంటాడు. ఏ ఇనుము పనైనా గ్యాస్‌కటింగ్‌తో మొదలుపెడతాడు కాబట్టి ఆ పేరు. "డ్రాయింగిచ్చీ అమ్మా, మూడు మిల్లీమీటర్ల ప్లేటుతో సేసిచ్చేత్తాను," అన్నాడు. డ్రాయింగా! మా క్లాసులో ఆ సబ్జెక్టులో నాదే మొదటి స్థానం. రెండు రోజులు కూర్చుని, మదర్‌బోర్డుని స్కేలుతో కొలిచి, ముందు నుంచి ఎలా ఉంటుందో, పక్కల నుంచి ఎలా ఉంటుందో, వెనక ఏ కన్నం ఎక్కడుండాలో ముత్యాల్లా గీశాను. మావయ్య కళ్ళకద్దుకున్నంత పని చేశాడు.

ఒక్కచోట మాత్రం గొడవైంది. పలకలన్నీ వెల్డింగ్ చేసేస్తే నున్నగా అందంగా ఉంటుందని నేను. అదే సులువని మావయ్య. నాన్న ఒప్పుకోలేదు. "ఏ పలకకాపలక నట్టూ బోల్టూ ఉండాల. విప్పడానికి అవ్వనిది మిషనేటి బావా?" అన్నాడు. కంప్యూటరుకి చుట్టూ బోల్టులేమిటి, రైలు వంతెన కడుతున్నామా అని నేను రెండు రోజులు అన్నం మీద అలిగాను. చివరికి ఇరవైనాలుగు బోల్టులు ఖాయమయ్యాయి.

సోమవారం ఫారం ఇవ్వాలనగా ఆదివారం మధ్యాహ్నం ఆటోలో కేబినెట్ దిగింది. దింపడానికి మావయ్య, నాన్న, ఆటోవాడు ముగ్గురూ పట్టాల్సొచ్చింది. బూడిదరంగు వేసి తళతళలాడిపోతోంది. వంటింట్లోంచి వచ్చిన అమ్మ చెంగుతో చేతులు తుడుచుకుంటూ, "ఏటిది, ఇంకో బీరువా సేయించీసారా? సీరలెట్టుకోనా?" అంది. నేను ఆ మాటని గాలికొదిలేసి, మంచం మీద పాత దుప్పటి పరిచి, సర్జరీ చేసే డాక్టరులా మదర్‌బోర్డుని తీసి లోపల పెట్టాను. పట్టలేదు. ఇటు తిప్పాను, పట్టలేదు. తలకిందులు చేశాను. అప్పుడసలే పట్టలేదు. మౌసు, కీబోర్డు వైర్లు గుచ్చుకునే కన్నాలు బోర్డుకి ఒక పక్కనుంటే, పలకలో వాటికోసం కోసిన కిటికీ ఇంకో పక్కనుంది. మొత్తం డబ్బా అద్దంలో చూసినట్టు కుడి ఎడమైపోయి వచ్చింది.

"సూడమ్మా, నీ డ్రాయింగు పెకారమే సేసాను, నూలు తేడా లేదు," అని మావయ్య కంగారుగా కాగితం విప్పాడు. ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. ఒక వస్తువుని ఎడమ నుంచి చూస్తే కనబడేదాన్ని కాగితం మీద కుడిపక్కన గీయడం మా కాలేజీ పద్ధతి. దాన్నే ఎడమపక్కన గీయడం మావయ్యకొచ్చే విదేశీ ఆర్డర్ల పద్ధతి. రెండూ సరైనవే. ఏ పద్ధతిలో గీశామో చెప్పడానికి కాగితం కింద మూల ఒక చిన్న గుర్తు వెయ్యాలి, అంతే. అది వెయ్యకపోతే మార్కులు కోసేస్తామని మా మేష్టారు తొలి క్లాసులోనే చెప్పారు. నాన్న కాగితం తీసుకుని ఆ మూలకి చూశాడు. అక్కడ గుర్తు లేదు. దాని స్థానంలో ఒక కత్తి ఉంది. నా ఆటలోని కత్తి. అందంగా నీడలు కూడా దిద్ది వేశాను. మావయ్య అది మా కాలేజీ ముద్ర అనుకుని, తన పద్ధతిలోనే చదువుకుని కోసేశాట్ట.

నాకు ఏడుపు ఆగలేదు. ఎదుట మంచం మీద పుర్జాలు, కళ్ళముందు మెకానికల్ వర్క్‌షాపు, ఆకురాయి పట్టుకుని జీవితాంతం ఇనుము అరగదీస్తున్న నేను. దిండులో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. అమ్మ మంచినీళ్ళు తెచ్చింది, తాగలేదు. ఎప్పటికో నాన్న గొంతు వినబడింది. "ఏడుపయ్యాక ఆ పదమూడో నంబరు స్పానరందుకో." తలెత్తి చూస్తే ఆయన లుంగీ ఎగ్గట్టి నేలమీద కూర్చుని, అప్పటికే ఆరు బోల్టులు ఊడదీసి వరసగా పేర్చాడు. "ఎడం పలక కుడికి పోతాది, కుడిది ఎడంకి. ఎనక పలక లోపలి మొహం బయటికి తిప్పీ. కన్నాలు వాటంతటవే సక్కబడతాయి. వెల్డింగ్ సేయించుంటే ఇప్పుడేటి సేద్దువే?" అన్నాడు. నేను ముక్కు తుడుచుకుని స్పానరందించాను. గంటలో ఇరవైనాలుగు బోల్టులూ ఊడి మళ్ళీ బిగిశాయి. బోర్డు తన సొంతింట్లోకి వచ్చినట్టు వచ్చి కూర్చుంది. కాకపోతే బూడిదరంగు లోపలికి పోయి, తుప్పు పట్టకుండా పూసిన ఎర్రరంగు బయటికొచ్చింది. "సొక్కా తిరగేసి తొడిగినట్టుంది," అంది అమ్మ.

సాయంత్రం నాలుగ్గంటలకి బటన్ నొక్కాను. బేరింగు ఫ్యాను సడి లేకుండా తిరిగింది. తెర వెలిగింది. ఎక్కించాల్సినవన్నీ ఎక్కించాక ఒళ్ళు మరిచిపోయి, స్నేహితురాలి దగ్గర తెచ్చుకున్న సీడీ వేసేశాను. కోట, మంటలు, ఎక్కడా ఆగకుండా, తడబడకుండా! ఆనందంతో అరవబోయి, వెనక నాన్న ఉన్నాడని గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. అప్పటికే కొమ్ముల రాక్షసుడు తెర నిండా నిలబడ్డాడు. నాన్న ముందుకు వంగి వాణ్ణి పరిశీలనగా చూశాడు. "ఓహో, డబ్బా మీదున్నోడు ఈడేనా? ఈడు ఏ డ్రాయింగు గీత్తాడే చిట్టీ?" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. గ్రాఫిక్స్ కార్డు అట్టడబ్బా మీద ఇంత కొమ్ములేసుకుని, కత్తి ఝళిపిస్తూ అలాంటి రాక్షసుడే ఉన్నాడు. నాన్న కొట్లో అంతసేపు చూసింది వాణ్ణే. తల దించేసుకున్నాను. "అబద్ధం చెప్పాను నాన్నా. డ్రాయింగు కూడా తప్పు గీశాను. నడిపించింది నువ్వే, నేను కాదు. మెకానికల్‌లోనే చేరతాను," అన్నాను. నాన్న చేతులకంటిన నూనె గుడ్డతో తుడుచుకుంటూ, "బీరువాలో ఆ ఫారం ఉంటాది, ఒట్రా," అన్నాడు.

తెచ్చాను. తెరిచి చూస్తే బ్రాంచి గడిలో నాన్న చేతిరాతతో కంప్యూటర్ అని నింపి ఉంది. కింద సంతకం, సంతకం కింద తేదీ. ఆ రోజుది కాదు. మేం సాక్చి వెళ్ళొచ్చిన శనివారానిది. నేను తేదీ కేసి, ఆయన కేసి మార్చి మార్చి చూశాను. "ఆ కొట్టోణ్ణి నిచ్చెనెక్కించి దింపించి, ఏది దేనికి పడతాదో సెప్పినావు సూడు, ఆ రోజే అనుకున్నాను. ఇది మా మిల్లుకొచ్చీ పిల్ల కాదని. బేరింగు సంగతొకటే తెలవదు నీకు," అన్నాడు. మావయ్య పకపకా నవ్వాడు. నేను మళ్ళీ ఏడుపందుకున్నాను. "ఇప్పుడేటే మళ్ళీ!" అని అమ్మ విసుక్కుంది.

నేను కంప్యూటర్ బ్రాంచిలోనే చదివాను, ఆ చదువే ఇప్పటికీ అన్నం పెడుతోంది. ఆ డబ్బా లోపలి పుర్జాలు నాలుగుసార్లు మారాయి గానీ డబ్బా మారలేదు. ఇల్లు మారినప్పుడల్లా సామాను మోసేవాళ్ళు నగలపెట్టె అనుకుని నన్ను గౌరవంగా చూస్తారు. ఏ కాగితం గీసినా మూల గుర్తు వేశానో లేదో రెండుసార్లు చూసుకుంటాను. అప్పుడప్పుడు ఆ ఆదివారం గుర్తొస్తుంది. బతుకు బుగ్గైపోయిందని దిండు తడిపేస్తున్న ఆ పదిహేడేళ్ళ సర్వజ్ఞురాలి మీద నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. ఆ గదిలోకి వెళ్ళగలిగితే భుజం తట్టి ఒక్క మాట చెప్పేదాన్ని. ఏడవకే పిచ్చిమొహమా, నాలుగడుగులేసి ఆ బీరువా తలుపు తెరిచి చూడు.